టికి దీపానికి దేవుడి ముఖం చెక్కవచ్చా?

వడ్రంగి_ఎడిసన్:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా శని, ఆదివారాల్లో మా బేస్‌మెంట్‌లో చిన్న టికి బార్ కట్టుకుంటున్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, టికి బార్ అంటే పసిఫిక్ దీవుల్ని తలపించేలా అమెరికాలో పుట్టిన బార్. వెదురు గోడలు, చాపల పైకప్పు, రమ్‌తో కలిపే పానీయాలు, వీటన్నిటి మీద మసక వెలుతురు. కిటికీ కూడా సరిగ్గా లేని గదిలో, రాత్రిపూట సముద్రం ఒడ్డున కూర్చున్నట్టు అనిపించాలంటే ఆ పని దీపాలే చెయ్యాలి. అందుకే వాటిని కొనకుండా నా చేత్తోనే చేస్తున్నాను.

మొదటిది వెదురు చట్రానికి చాప చుట్టిన లాంప్. ఆ చాప అల్లే ఆకును హవాయిలో లౌహాలా అంటారు. అక్కడి హాలా చెట్టు మన మొగలికి దగ్గరి చుట్టమే. రెండోది గాజు గోళం. వల నీళ్లలో తేలడానికి జపాన్ జాలర్లు కట్టే గాజు బంతులు ఉండేవి కదా, అలాంటిది ఒకటి పాత సామాన్ల సంతలో దొరికింది. డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ పోస్తూ రంధ్రం చెయ్యడానికే గంటన్నర పట్టింది. చుట్టూ తాడుతో వల అల్లాను.

మూడోది రెండడుగుల సీడార్ దుంగ. లోపల తొలిచి, ముందువైపు ముఖం చెక్కాను. తెరిచిన నోరు, వరస పళ్లు, కళ్లలోంచి తేనెరంగు వెలుగు. నా జీవితంలో ఇంత బాగా ఏదీ చెక్కలేదు. హవాయి వాళ్ల దేవుడు ‘కూ’ విగ్రహం ఫోటో ఒకటి చూసి గీసుకున్నాను.

పోయిన వారం మా ఆఫీసు మిత్రుడు భోజనానికి వచ్చాడు. వాళ్లమ్మగారిది హవాయి. మొదటి రెండూ చూసి ముచ్చటపడ్డాడు, ఎలా చేశావని అడిగాడు. మూడోదాని ముందు మాత్రం ఆగిపోయాడు. ‘ఇది కూ కదా’ అన్నాడు. అవునన్నాను. ‘మా అమ్మమ్మ ఉంటే ఈ గదిలో కూర్చునేది కాదు’ అన్నాడు. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా అన్నాడు. తర్వాత మామూలుగానే భోంచేసి వెళ్లాడు. నాకు మాత్రం అప్పట్నుంచి నిద్ర సరిగా లేదు. ఈ దీపం ఉంచాలా, తియ్యాలా? అసలు టికి దీపానికి ముఖం చెక్కవచ్చా?

పాత_సామాను:

ఉంచండి. టెన్షన్ పడాల్సిన పని లేదు.

టికి అన్నది పసిఫిక్‌లోని పాలినీషియా దీవుల మతం కాదు, కాలిఫోర్నియా కన్న కల. అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబరులో పోయింది. ఆ రోజుల్లోనే హాలీవుడ్‌లో డాన్ ది బీచ్‌కోంబర్ అనే బార్ మొదలైంది. తర్వాత కాలిఫోర్నియాలోనే ఓక్లాండ్‌లో ట్రేడర్ విక్స్ అనే బార్. మై టాయ్ పానీయం 1944లో తానే కలిపానని దాని యజమాని విక్టర్ బర్జెరాన్ చెప్పుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పసిఫిక్ నుంచి తిరిగొచ్చిన సైనికుల జ్ఞాపకాలు, 1959లో హవాయి రాష్ట్రం కావడం, ఇవన్నీ కలిసి టికిని ఇంటింటి పెరట్లోకి తెచ్చాయి. కాలిఫోర్నియాలో విటియర్ ఊళ్లో ఓషియానిక్ ఆర్ట్స్ అనే కార్ఖానా 1956 నుంచి 2021 దాకా ఈ దుంగలు, ముఖాలు, దీపాలు చేసి దేశమంతా పంపింది. 65 ఏళ్ల పనితనం అది. దానికదే ఒక జానపద కళ అయిపోయింది.

ముఖం తీసేస్తే మిగిలేది వెదురు లాంప్. అది ఏ ఫర్నిచర్ షాపులోనైనా దొరుకుతుంది. ఇంకో సంగతి. కూ పూజను హవాయి వాళ్లే 1819లో మానేశారు. రాజు, రాణులే పాత మత కట్టుబాట్లను రద్దు చేశారు. రెండు వందల ఏళ్ల కిందట వాళ్లే వదిలేసినదానికి మనం ఇప్పుడు బాధపడటం ఎందుకు?

ఆక్లాండ్_అక్క:

నేను పదమూడేళ్లుగా న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఉంటున్నాను. హవాయి సంగతి నాకు అంత దగ్గరగా తెలియదు, ఇక్కడి మూలవాసులు మావోరీల సంగతి చెప్తాను. టికి అనే మాట వాళ్లదీ. వాళ్ల గాథల్లో టికి మొదటి మనిషి. మెడలో వేసుకునే, మనిషి ఆకారంలో చెక్కిన పచ్చరాతి హెయ్-టికి అమ్మమ్మ నుంచి మనవరాలికి వస్తుంది. కొన్నిటికి పేర్లు కూడా ఉంటాయి, ఇంట్లో మనిషికి ఉన్నట్టే.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేర్చుకున్న మొదటి పాఠం, భోజనాల బల్ల మీద కూర్చోకూడదని. తిండికి సంబంధించినవి, పవిత్రమైనవి కలవకూడదు. పవిత్రమైనదాన్ని వాళ్లు తపు అంటారు. ఒంట్లో అన్నిటికన్నా తపు తల. ఇప్పుడు ఆలోచించండి, పూర్వీకుడి తలలాంటి మగ్గులో రమ్ పోసుకు తాగడం, ఆ తలలో బల్బు పెట్టి సీసాల పక్కన నిలబెట్టడం వాళ్లకు ఎలా ఉంటుందో. మనకు ఎంగిలి అంటే ఏమిటో తెలుసు. మడి అంటే తెలుసు. కాబట్టి ఇది మనకు విడమరిచి చెప్పాల్సిన విషయం కాదు.

2019లో ఒక ఆన్‌లైన్ దుకాణంలో మన దేవుళ్ల బొమ్మలున్న టాయిలెట్ కవర్లు అమ్మకానికి కనిపిస్తే ఎంత గొడవ చేశాం? ఆ కోపం మనకు న్యాయమైతే వాళ్లకూ న్యాయమే.

సముద్రం_ఇవతల:

పాత_సామాను గారూ, 1819 మాట నిజమే. కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. కట్టుబాట్లు రద్దయ్యాక గుళ్లు కూల్చారు, విగ్రహాలు తగలబెట్టారు. మరుసటి ఏడాదే అమెరికా నుంచి మిషనరీలు దిగారు. 1893లో రాణిని గద్దె దింపారు. 1898లో దీవుల్ని అమెరికా కలుపుకుంది. ఇదంతా ‘వాళ్లే వదిలేశారు’ అన్న ఒక్క మాటలో ఇమిడేది కాదు.

గుళ్లలో నిలబెట్టిన పెద్ద కూ విగ్రహాలు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మూడే మిగిలాయి. ఒకటి హొనొలులు బిషప్ మ్యూజియంలో, ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి అమెరికాలోని సేలంలో పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో ఉన్నాయి. 2010లో ఆ మూడింటినీ బిషప్ మ్యూజియంలో ఒక్కచోట చేర్చారు. వదిలేసిన దేవుడి కోసం ఎవరూ సముద్రాలు దాటించి విగ్రహాలు తెప్పించరు.

వడ్రంగి గారూ, మీరు చూసిన ఫోటో ఆ మూడింట్లో ఒకదానిది అయ్యుంటుంది. మూడు మిగిలినదానికి నాలుగోది మీ బార్‌లో ఉంది. నాకైతే మనసు ఒప్పదు.

పాత_సామాను:

మిగిలినవి మూడే అని నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు.

అయినా ఒక ప్రశ్న. హవాయిలో వైకీకీ దుకాణాల్లోనే ఈ ముఖాలతో కీచైన్లు, సీసా మూతలు తీసే ఓపెనర్లు అమ్ముతారు కదా. అక్కడే అమ్ముతుంటే న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక మనిషి ప్రేమగా కూర్చుని చెక్కింది తప్పెలా అవుతుంది? ఫ్యాక్టరీ సరుకుకు లేని అభ్యంతరం చేతిపనికి ఎందుకు?

ఆక్లాండ్_అక్క:

తిరుపతిలో వెంకన్న కీచైన్ దొరుకుతుంది. అంతమాత్రాన వెంకన్న ముఖాన్ని బార్ దీపం చేస్తే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరుకుంటారా? దుకాణంలో అమ్మినంత మాత్రాన జాతి అంతా ఒప్పుకున్నట్టు కాదండీ. ఫ్యాక్టరీ సరుకుకూ అభ్యంతరం ఉంది, దాన్ని వినేవాళ్లు లేరంతే. వడ్రంగి గారు విన్నారు, అందుకే నిద్రపట్టలేదు.

ధర్మవరం_కుర్రాడు:

ఈ చర్చలో మా ఊరి పక్క సంగతి ఒకటి చెప్పాలి. మాది ధర్మవరం. దగ్గర్లోనే నిమ్మలకుంట. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. మేకతోలును గీకి గీకి, వెలుతురు పారేంత పలచన చేసి, రంగులద్ది, ఉలితో సన్నని చిల్లులు కొడతారు. ఆట చూసేవాళ్లు తగ్గాక అదే తోలుతో లాంప్ షేడ్లు చెయ్యడం మొదలుపెట్టారు. వాటిమీద రాముడు ఉంటాడు, హనుమంతుడు ఉంటాడు.

అంటే దీపం మీద దేవుడు ఉండటమే తప్పని నేను అనలేను. మనవాళ్లే చేస్తున్నారు, దానిమీద బతుకుతున్నారు. కానీ ఆ బొమ్మ గీసేవాడు తరతరాలుగా ఆ రాముడి కథ ఆడినవాడు. ఏది గీయాలో, ఏది గీయకూడదో ఆయనకు తెలుసు. డబ్బు కూడా ఆయన ఇంటికే చేరుతుంది. రేపు ఎవరో ఫోటో చూసి హనుమంతుణ్ణి ప్లాస్టిక్ మీద అచ్చేసి విస్కీ సీసాల పైన వేలాడదీస్తే మాత్రం నాకు కడుపు మండుతుంది.

మా ఇంట్లో ఆ తోలు దీపం ఒకటి ఉంది, దానిమీద నెమళ్లు, చెట్టు ఉన్నాయి. హనుమంతుడిది మా అమ్మ హాల్లో పెట్టనివ్వలేదు. చెప్పుల స్టాండు ఎదురుగా వస్తుందని. కాబట్టి నా మాట ఇదీ: ముఖం కావాలంటే అది ఎవరిదో వాళ్ల చేత చేయించుకోండి, ఎక్కడ పెడుతున్నారో వాళ్లకు చెప్పి. మీరే చెయ్యాలంటే అల, చేప, ఆకు చెక్కండి. దీవుల్లో వాటికేం కొదవ లేదు.

కొత్తగా_చేరాను:

ముఖం గురించే మాట్లాడుతున్నారు. మరి పఫర్ చేపల దీపాల సంగతి? చేపను ఉబ్బించి ఎండబెట్టి లోపల బల్బు పెడతారు, పాత టికి బార్లలో చాలాచోట్ల కనిపిస్తాయి. ఒక దీపం కోసం ప్రాణం తియ్యడం నాకు నచ్చలేదు. బెలూన్ ఊది, కాగితపు గుజ్జు నాలుగు పొరలు పూసి, ముళ్ల బదులు టూత్‌పిక్‌లు గుచ్చాను. పసుపు, గోధుమ రంగులు పలచగా వేస్తే చీకట్లో అచ్చం చేపే. పిల్లలు కూడా చెయ్యగలరు.

కరెంటు_మనిషి:

ఏ ముఖం ఉన్నా లేకపోయినా, దుంగలో కరెంటు పెట్టారు కాబట్టి ఈ నాలుగు మాటలు వినండి. ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది.

సాకెట్, వైరు కలిపి వచ్చే లాంప్ కిట్ కొనండి, దానిమీద యూఎల్ గుర్తు, అంటే అమెరికాలో భద్రతా పరీక్ష పాసైందని వేసే ముద్ర, ఉండాలి. మామూలు లాంప్ వైరులో రెండు పోగులు ఉంటాయి. చేత్తో తడిమితే సన్నని గీతలు తగిలేది న్యూట్రల్. దాన్ని సాకెట్‌లో వెండిరంగు స్క్రూకి బిగించాలి. నున్నగా ఉన్నది ఇత్తడి స్క్రూకి. తారుమారైతే బల్బు వెలుగుతుంది కానీ మర చుట్టూ ఉన్న లోహానికి కరెంటు వస్తుంది, బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. ఇంట్లో చేసిన దీపాల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

పాత ఫిలమెంట్ బల్బులు చెక్కలో, చాపలో, కాగితంలో వద్దు. 4 వాట్ల ఎల్ఈడీ చాలు. డబ్బా మీద వెలుతురు రంగు 2200 కెల్విన్ అని ఉన్నది తీసుకుంటే మీరు చెప్పిన తేనెరంగు వస్తుంది. ఎల్ఈడీ అయినా కింద వేడి ఉంటుంది, కాబట్టి దుంగకు పైనా కిందా గాలి ఆడేలా రంధ్రాలు ఉండాలి. మూసిన దీపాలకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న బల్బే కొనండి. వైరు చెక్కలోంచి బయటికి వచ్చేచోట రబ్బరు బుష్ వెయ్యండి, లేకపోతే అంచు కోసేస్తుంది.

ఇంకోటి. కొందరు పీవీసీ గొట్టాన్ని చెక్కి, మంటతో వంచి టికి దీపాలు చేస్తున్నారు. పీవీసీని మాడిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. చెక్కినా మాస్కు లేకుండా వద్దు.

వడ్రంగి_ఎడిసన్:

అందరివీ రెండు మూడుసార్లు చదివాను. కరెంటు_మనిషి గారూ, మీరు చెప్పాక మూడూ విప్పి చూశాను. గాజు గోళంలో పోగులు తారుమారుగానే ఉన్నాయి. నా కూతురు రోజూ దాన్నే ఆన్ చేస్తుంది. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

దుంగను నిన్న బార్‌లోంచి తీసేశాను. పాత_సామాను గారి మాట నాకు అర్థమవుతుంది. ఆ ముఖం లేకపోతే గది బోసిగా ఉంది, అది నిజం. రాత్రి కింద కూర్చుంటే ఆ మూల చీకటిగా కనిపిస్తోంది. కానీ ఎవరూ నన్ను తప్పు అనకపోయినా, మా మిత్రుడు మళ్లీ వచ్చి ఆ గదిలో కూర్చోవాలి. నాకు అది ముఖ్యం.

దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. మన ఇళ్లలో పటం పగిలితే ఏట్లో కలుపుతాం, చెత్తబుట్టలో వెయ్యం. చెక్కింది నేనే అయినా చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. మిత్రుడికి ఫోన్ చేసి అడిగాను. వాళ్ల పెద్దమ్మను అడిగి చెప్తానన్నాడు. అప్పటిదాకా బల్బు, వైరు తీసేసి, తెల్ల గుడ్డలో చుట్టి పైగదిలో పెట్టాను.

పాత_సామాను:

మీ నిర్ణయాన్ని కాదనను. నా దగ్గర 1960ల నాటి ముఖం దీపాలు రెండున్నాయి, వాటిని నేను తియ్యను. అవి చేసినవాళ్లు ఇప్పుడు లేరు, ఆ పనితనం దాచడం కూడా ఒక బాధ్యతే. అయితే వాటిని బార్‌లోంచి తీసి, పుస్తకాల గదిలో పెట్టడం గురించి ఆలోచిస్తున్నాను. అక్కడ తాగడం ఉండదు.

ఆక్లాండ్_అక్క:

పాత_సామాను గారూ, అలా మారిస్తే చాలా మంచిది.

వడ్రంగి_ఎడిసన్:

నాలుగోది మొదలుపెట్టాను. లావుపాటి వెదురు, దానిమీద అలలు, ఎగిరే చేపలు చిల్లులుగా. ధర్మవరం_కుర్రాడు గారు చెప్పిన తోలు చిల్లుల పద్ధతే. ఒక్క ఇబ్బంది ఉంది. పోయిన చలికాలం హీటర్ వేసిన వారానికే మొదటి దీపం వెదురు నిలువునా చీలింది. ఈసారి అలా కాకుండా ఏం చెయ్యాలి?

కరెంటు_మనిషి:

వెదురు నా పని కాదు, మా మామగారు మేదరి పని చేసేవారు కాబట్టి ఆయన చేసేది చెప్తున్నాను. పచ్చి వెదురు వాడొద్దు, నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి. హీటర్ పొడిగాలికి వెదురు పైనా లోపలా ఒకేలా ఆరకపోతే చీలుతుంది, కాబట్టి ఇనపకడ్డీ పెట్టి లోపలి కణుపు పొరలన్నీ పొడిచెయ్యండి. చిల్లులు పొడిచేముందు ఆ చోట రెండువైపులా తాడు బిగించి కట్టండి, పని అయ్యాక కూడా ఆ తాడు తియ్యకండి. చూడటానికీ బాగుంటుంది.