ఫ్లోరెన్స్ గుమ్మటం మోడల్: రేకులు పైన కలవడం లేదు

కోఠీ_స్కెచ్:
ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో సాంటా మారియా దెల్ ఫియోరే చర్చి గుమ్మటం, 1:100, మౌంట్ బోర్డు. అడుగున మూల నుంచి మూలకి 45 సెం.మీ. తీసుకున్నాం. 8 రేకులు (గుమ్మటం ముఖాలకి ఒక్కో ముక్క) కోసి నిలబెడితే పైన సందులు వస్తున్నాయి. ఆకారం కూడా మన కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటంలా ఉబ్బుగా తేలుతోంది. వంపు ఎలా గీయాలి? సెంట్రింగ్ (కింద ఆసరా చట్రం) లేకుండా కడితే ఇటుక ఎందుకు జారలేదని జ్యూరీలో అడిగితే ఏం చెప్పాలి?

గీత_వాలు:
ముందు వంపు. 45ని అయిదు భాగాలు చేయండి, ఒక్కోటి 9. ఎడమ మూల నుంచి 9 సెం.మీ. లోపల కంపాస్ గుచ్చి, 36 వ్యాసార్థంతో కుడి మూల నుంచి పైకి గీయండి. ఎడమవైపుకీ ఇలాగే. అప్పుడు మొన తేలిన ఆకారం వస్తుంది. అర్ధవృత్తం గీసి ఉంటారు, అందుకే ఉబ్బింది.

ఇది మూల రిబ్బు (మూలలో పైకి వెళ్లే పక్కటెముక లాంటి కమాను) వంపు, రేకు నడుమది కాదు. గుమ్మటం నడిమి అక్షం నుంచి రేకు నడుముకి అడ్డదూరాలు దీంట్లో 0.924 వంతే. సందులు వచ్చేది సాధారణంగా ఇక్కడే: ఎత్తులను కార్డు మీద నిటారుగా 10, 20, 30 అని గుర్తు పెట్టేస్తారు. కార్డు వంగుతుంది కాబట్టి ఆ గుర్తులు 10.1, 21, 34.8 దగ్గర పడాలి. అక్కడ వెడల్పులు వరసగా 16.1, 12.6, 4.9, అడుగున 17.2.

ఇంకో మాట, 45 మీటర్లు లోపలి కొలత. బయటి పెంకు కావాలంటే కంపాస్ కేంద్రం కదపకుండా వ్యాసార్థం సుమారు 41 చేయండి. అంటించడానికి ఫెవికాల్ పల్చగా, అంచుకే రాయండి. తడికి కార్డు ఉబ్బితే ఈ లెక్కంతా పోతుంది.

సున్నం_ఇటుక:
జారడం గురించి. పైకి పోయేకొద్దీ ఇటుక పడక లోపలికి వాలుతూ, చివరికి 60 డిగ్రీలు దాటుతుంది. సున్నం గట్టిపడే లోపే ఇటుక జారిపోవాలి. ఈ గుమ్మటం కట్టిన బ్రూనెల్లెస్కి వరసలో కొన్ని ఇటుకల తర్వాత ఒకదాన్ని నిలువుగా పెట్టించాడు. అది కింది వరసలో నుంచి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, రెండు నిలువు ఇటుకల మధ్య పడుకోబెట్టినవి బిగుసుకుంటాయి. నిలువు ఇటుక వరస వరసకీ కొద్దిగా పక్కకి జరుగుతూ పోతుంది కాబట్టి చేపముల్లు అల్లిక కనిపిస్తుంది. వరస చుట్టూ పూర్తయ్యాక అది ఒక రింగు, ఇక లోపలికి పడే దారే లేదు. కట్టింది 1420 నుంచి 1436 దాకా.

రెండు పెంకులు, మధ్యలో మెట్లదారి. 8 మూల రిబ్బులు, 16 మధ్య రిబ్బులు. అడుగు బయటికి తన్నకుండా ఇనుప బిగింపులతో రాతి గొలుసులు, ఒక చెక్క గొలుసు కూడా వేశారు. అయినా కింది నుంచి పైకి నాలుగు పెద్ద బీటలు ఉన్నాయి. గుమ్మటం అడుగున చుట్టూ లాగుడు పడుతుంది, ఇటుకకి లాగుడు ఓర్చుకునే శక్తి లేదు. జ్యూరీలో ఇది తప్పకుండా చెప్పండి, ఈ కట్టడం అసలు కష్టం ఇదే.

కోఠీ_స్కెచ్:
సెక్షన్‌లో ఇటుక వరసలు స్కేలుతో గీస్తే సరిపోతుందా?

సున్నం_ఇటుక:
సరిపోదు. ఒక్కో ముఖంలో వరస రెండు మూలల దగ్గర ఎత్తుగా, నడుమ దిగి ఉంటుంది, బట్టలారేసే తాడు వదులుగా కట్టినట్టు. మూలలో వరస విరగకుండా పక్క ముఖంలోకి సాగిపోవడానికే అలా. నేరుగా గీస్తే మూల దగ్గర అతుకు పడినట్టు కనిపిస్తుంది, అసలు గోడలో ఆ అతుకు లేదు.

గీత_వాలు:
ఏ సంవత్సరపు మోడలో ముందే తేల్చుకోండి. 1436 అంటే పైన లాంతరు (గుమ్మటం కొసన కట్టిన చిన్న రాతి గోపురం) ఉండకూడదు, దాని పని మొదలైంది 1446లో. శిల్పి వెరోక్కియో చేసిన రాగి బంతి దాని మీదికి ఎక్కింది 1471లో. గుమ్మటం లోపలి చిత్రాలు చిత్రకారుడు వసారి 1572లో మొదలుపెట్టాడు, ఇంకో చిత్రకారుడు జుక్కారి 1579లో ముగించాడు. ముందువైపు తెలుపు, ఆకుపచ్చ, గులాబీ పాలరాతి ముఖమైతే 1887ది. పక్కనున్న జోత్తో గంటగోపురం మాత్రం 1359కే పూర్తి, 84.7 మీటర్లు. దాన్నీ పెట్టాలంటే 1:500కి దిగండి, లేకపోతే 153 మీటర్ల పొడవున్న చర్చి ఏ టేబుల్ మీదా పట్టదు.