ఏఎస్‌వీ రియాక్షన్ వస్తే ముందు అవిల్లా, అడ్రినలినా?

పీహెచ్‌సీ సిస్టర్, నర్సంపేట వైపు:
పత్తి చేన్లల్ల పనులు మొదలైనయి, పాము కాటు కేసులు వస్తయి. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కుతుంటే దురద, దద్దుర్లు లేస్తే మొదట అవిల్ (అలర్జీ ఇంజెక్షన్), తగ్గకుంటేనే అడ్రినలిన్ అని ఇక్కడ అలవాటు. ఇది సరైనదేనా సార్? ముందే అవిల్ చేసి పెడితే రియాక్షన్ ఆగుతదా?

క్యాజువాలిటీ డాక్టర్, హన్మకొండ:
ఆ వరుస తలకిందులు సిస్టర్. దద్దుర్లు కనబడంగనే ఏఎస్‌వీ బంద్ చెయ్యండి, క్యాన్యులా (నరంలో పెట్టిన గొట్టం) మాత్రం తీయొద్దు. పెద్దవాళ్లకు అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ బయటి వైపు, నడిమిల, కండలోకి. యాంప్యూల్ 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉంటది కాబట్టి సగమే. పిల్లలకు కిలోకు 0.01 మి.లీ., 15 కిలోల పిల్లకు 0.15. ఐదు నిమిషాలకు కుదుటపడకుంటే మళ్లీ అంతే డోసు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగ పెట్టండి, ఆక్సిజన్ పెట్టండి, బీపీ పడితే సెలైన్ జోరుగ వదలండి. లేపి కూర్చోబెట్టుడు, బాత్రూంకు నడిపించుడు అసలే వద్దు.

అవిల్ హిస్టమిన్‌ను (దురద పుట్టించే రసాయనం) ఒక్కదాన్నే అడ్డుకుంటది. గొంతు వాపు, పడిపోయే బీపీ దానికి లొంగవు. పైగా దురద తగ్గంగనే అంతా నయమైందనుకుంటం, లోపల బీపీ జారుతనే ఉంటది. మనిషి కుదుటపడ్డంక, ఇంకా దురద ఉంటే అవిల్ 2 మి.లీ. (45.5 మి.గ్రా.) మెల్లగ ఐవీ (నరంలోకి) ఇవ్వండి. గబుక్కున తోస్తే అదే బీపీని పడగొడ్తది.

మెడిసిన్ పీజీ:
ముందస్తు అవిల్ గురించి: 2011లో వచ్చిన శ్రీలంక ట్రయల్‌లో ప్రోమెథజిన్ (అవిల్ లాంటి మందే) గానీ హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) గానీ తీవ్రమైన రియాక్షన్లను తగ్గించలేదు, చర్మం కింద ఇచ్చిన 0.25 మి.గ్రా. అడ్రినలిన్ తగ్గించింది. అవిల్‌తో ఇంకో చిక్కు, మగత. కట్లపాము కేసులో రెప్పలు వాలుతుంటే అది విషమా, మందు మత్తా? పొద్దంతా అదే తర్జనభర్జన.

ఫార్మసిస్ట్:
అడ్రినలిన్ ట్రేలో ఇన్సులిన్ సిరంజి పెట్టకండి. దాని సూది పొట్టిది, తొడ కండ దాకా పోదు. 1 మి.లీ. సిరంజికి అంగుళం పొడవు 23 గేజ్ సూది తగిలించుకోండి. యాంప్యూల్‌ను వెలుతురుకు పట్టి చూడండి, గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే పారేయాలి.

పీహెచ్‌సీ సిస్టర్:
మరి ఆపిన ఏఎస్‌వీ సంగతి?

క్యాజువాలిటీ డాక్టర్, హన్మకొండ:
వదిలేయొద్దు, విషం లోపలనే ఉంది కదా. పూర్తిగా తేరుకున్నంక 10–15 నిమిషాలు నెమ్మదిగ ఎక్కించి, పక్కనే ఉండి చూసి, తర్వాత మామూలు వేగానికి తేండి. 108లో పంపాల్సి వస్తే అడ్రినలిన్ ఎన్ని గంటలకు, ఎంత ఇచ్చిన్రో రిఫరల్ చీటీ మీద రాయండి.