అల్లం సోడా తీగలు సాగుతుంది – డ్రమ్ము, సీసాలు ఎట్ల కడగాలె?

ప్రశ్న (హన్మకొండ)
అందరికీ నమస్తే. ఇంట్లో పులియబెట్టే అల్లం సోడా వరుసగా రెండుసార్లు పాడైంది. మూడో రోజు చెంచాతో ఎత్తితే పలుచటి గంజి లెక్క తీగ సాగుతుంది. వాసన మంచిగనే ఉంది, పులుపు కూడా ఉంది. డ్రమ్ము ఐదు లీటర్ల ప్లాస్టిక్‌ది, కింద నల్లా ఉన్నది. సీసాలు రబ్బరు వాషర్, తీగ క్లిప్పు ఉండే గాజువి. అన్నీ గిన్నెల సబ్బుతో రుద్ది, ఆఖరికి బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగిన. నీళ్లు బోరువి. తప్పు ఎక్కడ జరుగుతుంది?

జవాబు (కరీంనగర్)
అన్నా, తీగ సాగుడు ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా పని. చక్కెరను జిగురుగా మారుస్తుంది. చెరుకు ఫ్యాక్టరీల్లో రసం జిగటెక్కేది కూడా దీంతోనే. ఇది అల్లం తొక్క మీదనే ఉంటుంది కాబట్టి పూర్తిగా లేకుండా చేయలేం. ఈస్టు బలంగా ఉంటే దాన్ని ఎదగనియ్యదు. కానీ డ్రమ్ములో పాత జిగురు మిగిలితే, పాలకు తోడు వేసినట్టే ప్రతిసారీ అదే తోడు పడుతుంది.

ముందు నల్లా చూడండి. డ్రమ్ము లోపలి నట్టు విప్పి నల్లాను మొత్తం బయటికి తీయండి. వాషర్లు ఊడదీసి, నల్లా మర గాట్ల (స్క్రూ చుట్ల) మధ్యన దూది చుట్టిన అగ్గిపుల్ల తిప్పండి. గోధుమరంగులో, వేలికి జారే పొర అంటుకొని వస్తే దొంగ దొరికినట్టే. సీసా మూతల రబ్బరు కింద కూడా అదే ఉంటుంది. బిగించి ఉన్న నల్లాలోంచి ఎన్ని నీళ్లు వదిలినా ఆ సందులకు చేరవు.

రెండో తప్పు వరుసలో ఉంది. జిగురు పోకముందే బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా పైపొర మీదనే ఖర్చవుతుంది, కింద ఉన్న క్రిములు బతికే ఉంటాయి. కడుగుడు వేరు, క్రిములను చంపుడు వేరు. మొదటిది పూర్తి కాకుండా రెండోది చేస్తే దండుగ.

లీటరు వేడి నీళ్లకు 15 గ్రాముల బట్టల సోడా కలపండి (వంటసోడా కాదు). గాజు సీసాలు నింపి గంటసేపు ఉంచి, బ్రష్షుతో తోమి, మూడుసార్లు కడగండి. చేతులకు గ్లౌజులు ఉండాలె. అల్యూమినియం గిన్నెలో ఈ నీళ్లు పోయొద్దు, గిన్నె నల్లబడి తినేస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ముకు చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు, మెత్తటి గుడ్డతోనే తుడవాలె. పీచుతో రుద్దితే గీతలు పడతాయి, ఆ గీతల్లోనే జిగురు దాగుతుంది. మీ డ్రమ్ములో ఇప్పటికే గీతలుంటే మార్చేయండి. దాన్ని బాగుచేయాలని చూస్తే ఇంకో రెండు విడతలు పారబోసుకోవాల్సి వస్తుంది.

తర్వాత సీసాలను గిన్నెలో అడుగున గుడ్డ వేసి, చల్లటి నీళ్లలోనే పెట్టి మరిగించండి. మరిగినంక పది నిమిషాలు. ఉడుకు నీళ్లలో చల్లటి సీసా వేస్తే పగులుతుంది. రబ్బరు వాషర్లకు ఐదు నిమిషాలు చాలు.

ప్రశ్న (హన్మకొండ)
అక్క, సోడాతో కడిగితే సీసా లోపల తెల్లటి పొర వచ్చింది. మరి డ్రమ్మును మరిగించలేను కదా?

జవాబు (కరీంనగర్)
ఆ పొర మీ బోరు నీళ్లలోని కాల్షియం, సోడాతో కలిసి సున్నంలా పేరుకున్నది. లీటరు గోరువెచ్చని నీళ్లకు 10 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 20 నిమిషాలు ఉంచండి, పోతుంది. మళ్లీ కడగండి. చివరి కడుగుడుకు కాచి చల్లార్చిన నీళ్లే వాడండి.

డ్రమ్ముకు పౌడర్ వద్దు. దాంట్లో సున్నం అడుగున నిలుస్తుంది, డబ్బా తెరిచినంక రోజురోజుకూ బలం తగ్గుతుంది. వాసన లేని, 5 శాతం ద్రవ బ్లీచ్ అయితే లీటరు చల్లటి నీళ్లకు 4 మిల్లీలీటర్లు, పది నిమిషాలు. నల్లా భాగాలు కూడా అందులోనే మునగాలె. ఆ తర్వాత కాచి చల్లార్చిన నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. క్లోరిన్ మిగిలితే ఈస్టు చచ్చిపోతుంది.

జవాబు (జనగామ)
ఒకటి గట్టిగా చెప్పాలె. నిమ్మ ఉప్పు, వెనిగర్, నిమ్మరసం వీటిలో ఏదీ బ్లీచుతో కలవొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులు మూసిన వంటగదిలో అయితే ఊపిరాడదు. నిమ్మ ఉప్పు పని అయినంక నీళ్లతో పూర్తిగా కడిగి, అప్పుడే బ్లీచు పట్టండి.

కొందరు మట్టికుండలో చేస్తే మంచిదంటారు. కల్లు లొట్టికి అది సరే, దాని రంధ్రాల్లో నిలిచిన ఈస్టే కొత్త కల్లును పొంగిస్తుంది. నీరా తీసేవాళ్లు అందుకే లొట్టి లోపల సున్నం పూస్తారు, పులియకుండా. మన పనికి కుండ వద్దు. ఆ రంధ్రాల్లో చెడ్డది చేరితే తీయలేం.

ఇంకో మాట, సోడా పులియడానికి వేసే అల్లం తోడు కూడా పారబోయండి. జిగటెక్కిన తోడు ఉంచుకొని డ్రమ్ము ఎంత కడిగినా ఫలితం లేదు. కాచి చల్లార్చిన 250 మిల్లీలీటర్ల నీళ్లలో రోజుకో చెంచా తురిమిన అల్లం, చెంచా చక్కెర వేసి ఐదారు రోజులు తయారుచేసుకోండి. అల్లాన్ని బాగా కడగండి, తొక్క మాత్రం తీయొద్దు. మనకు కావాల్సిన ఈస్టు దాని మీదనే ఉంటుంది.

ప్రశ్న (హన్మకొండ)
నల్లా విప్పిన అన్న, మరల్లో అదే పొర ఉంది. డ్రమ్ములో గీతలు కూడా కనబడుతున్నయి, కొత్తది తెస్తున్న. సీసాల్లో నింపినంక ఎంతసేపు బయట ఉంచాలె?

జవాబు (జనగామ)
ఇప్పుడు ఎండాకాలం, గదిలో వేడి 38 డిగ్రీలు దాటితే ఒక్క రోజు చాలు. అదే విడతలో ఒక ప్లాస్టిక్ సోడా సీసా కూడా నింపి పక్కన పెట్టండి. నొక్కితే లొట్ట పడకుండా గట్టిగా తగిలిందంటే గాజు సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి. మెడ దగ్గర మూడు వేళ్ల ఖాళీ వదలండి. తెరిచేటప్పుడు మూత మీద గుడ్డ కప్పి, నెమ్మదిగా. పల్చటి గాజు సీసాలు అసలే వద్దు, పగిలితే గాజుముక్కలు గోడ దాకా పోతాయి. పిల్లలకు పోసేది ఉంటే ఇంకా ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉన్నకొద్దీ ఆల్కహాలు పెరుగుతుంది.