కొత్తగా కెమెరా కొన్నవాళ్లు మొదటి రోజు నుంచే మాన్యువల్‌లో తీయాలా?

కృష్ణలంక కుర్రాడు: అన్నలూ, సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ డీఎస్ఎల్ఆర్ తీసుకున్నా, దాంతో వచ్చిన 18-55 జూమ్ లెన్స్ ఒక్కటే ఉంది. మా ఏరియాలో స్టూడియో ఉన్న ఒకాయన "డయల్ ఎం (మాన్యువల్) మీద పెట్టి ఇంక కదపకు, అప్పుడే పని వస్తుంది" అన్నాడు. అలాగే పెట్టి నిన్న సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దగ్గర తీస్తే కొన్ని తెల్లగా పాలిపోయాయి, కొన్ని చీకటి. ఇలాగే నేర్చుకోవాలా?

మండపం క్లిక్స్: ఇలాగే నేర్చుకోవాలి తమ్ముడూ, ఆయన మంచి మాటే చెప్పాడు. పెళ్లిలో చూడు, మధుపర్కాలు ఫ్రేమ్ నిండా వస్తే ఆటో మోడ్ అబ్బో వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, పెళ్లికూతురు మొహం నల్లబడుతుంది. తర్వాతి ఫొటోలో వెనకాల ముదురు కర్టెన్ వస్తే అదే మొహం పాలిపోతుంది, ఇక ఆల్బమ్‌లో రెండూ పక్కపక్కన ఎలా పెడతాం? హాల్లో లైటు మారదు కాబట్టి ఎం లో ఒకసారి సెట్ చేస్తే అన్నీ ఒకేలా వస్తాయి. ఇంకోటి, కొన్ని ఎల్ఈడీల కింద షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 1/500 సెకను పెడితే ఫొటోకి అడ్డంగా చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి, అందుకే 1/100కి దిగాలి. తలంబ్రాలు గీతల్లా వస్తాయనుకో, నాకైతే అదే బాగుంటుంది.

ఉప్పలపాడు కొంగ: హాల్లో లైటు మారదు, ఒప్పుకుంటా. కానీ ఈ అబ్బాయి నిలబడింది కృష్ణ ఒడ్డున, పొద్దుగూకే వేళ, అక్కడ నిమిషానికో వెలుగు. లెన్స్ రంధ్రం (అపర్చర్), షట్టర్, వెలుగుకి కెమెరా స్పందన (ఐఎస్ఓ) మూడూ చేత్తో తిప్పేలోపు సూర్యుడు కొండ దిగిపోతాడు.

తమ్ముడూ, డయల్ ఏవీ (అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునే మోడ్) మీద పెట్టి, ఐఎస్ఓ 400 దగ్గర ఆపి, అపర్చర్ ఒక్కటే తిప్పు. ఎఫ్ 4 నుంచి 5.6కి వెళ్తే రంధ్రం చిన్నదై లోపలికొచ్చే వెలుగు సగమవుతుంది, కెమెరా షట్టర్‌ని 1/250 నుంచి 1/125కి దించుతుంది. వ్యూఫైండర్‌లో ఆ అంకె మారడం గమనించడమే అసలు పాఠం. ఫొటో ఇంకా తెల్లగానో నల్లగానో వస్తే, కెమెరా లెక్కని మనం పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఉంది. మా ఉప్పలపాడు చెరువులో తెల్లకొంగ నల్లటి నీళ్ల మీద చిన్నగా కనిపిస్తే మైనస్ ఒకటి, అదే కొంగ తెల్లటి ఆకాశం మీదుంటే ప్లస్ ఒకటి, నేను అక్కడ మొదలుపెడతా. అది చెట్ల ముందు నుంచి ఆకాశంలోకి ఎగిరేటప్పుడు మాత్రం నేనూ ఎం కే వెళ్తా, ఎందుకంటే వెనకాల ఏం మారినా కొంగ మీద పడే ఎండ అదే.

నీ చీకటి ఫొటోలకి నాకు లెన్స్ మీదే అనుమానం. ఆ 18-55, జూమ్ చేయని 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది, పూర్తిగా జూమ్ చేసిన 55 దగ్గర 5.6 దాకానే. 3.5 పెట్టి జూమ్ చేస్తే అదే 5.6కి వెళ్లిపోతుంది, వెలుగు సగం కంటే తక్కువైపోతుంది, ఎం లో షట్టర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మండపం క్లిక్స్: కాంపెన్సేషన్ ఎంతో తెలియాలంటే ముందు మీటర్ (కెమెరాలో వెలుగు కొలిచే సూచీ) చదవడం రావాలి కదండీ.

ఉప్పలపాడు కొంగ: మీటర్ ఏవీలోనూ ఉంటుంది సార్, ఎం వాళ్ల సొంతం కాదు.

పట్టాభిపురం అక్క: ఒక సందేహం. నాకు తెలిసిన "మాన్యువల్" వాళ్లలో సగం మంది ఐఎస్ఓ ఆటోలో పెట్టుకుంటారు. అప్పుడు వెలుగు ఎంతో తేల్చేది కెమెరానేగా? ఇంక ఏవీ వాళ్లని వెక్కిరించడం దేనికి? చారల సంగతికొస్తే, లైటు మిణుకు చూసుకుని క్లిక్ చేసే యాంటీ ఫ్లికర్ ఉన్న కెమెరాలు మార్కెట్లో చాలానే ఉన్నాయి.

కృష్ణలంక కుర్రాడు: ఇప్పుడే ఫొటోల వివరాలు చూశా. చీకటిగా వచ్చినవన్నీ 55 దగ్గర తీసినవే! మరి తెల్లగా పాలిపోయినవి?

ఉప్పలపాడు కొంగ: టైమ్ చూడు, ఎండ ఇంకా ఉన్నప్పుడు తీసినవై ఉంటాయి. షట్టర్ ఎంత ఉంది?

కృష్ణలంక కుర్రాడు: అన్నిటికీ 1/60 అన్నా. ఆయన కదపొద్దన్నాడని అదీ కదపలేదు.

మండపం క్లిక్స్: ఓరి నాయనా, కదపొద్దన్నది డయల్‌ని, షట్టర్‌ని కాదు! అయినా ఎం లో తీశావు కాబట్టే లెన్స్ గుట్టు, షట్టర్ గుట్టు రెండూ ఒక్కరోజులో బయటపడ్డాయి. ఏవీలో అయితే కెమెరా సర్దేసి ఊరుకునేది.

ఉప్పలపాడు కొంగ: సర్దేస్తే ఫొటోలైనా మిగిలేవి కదండీ.