పర్లాకిమిడి చెరువులు నిజామాబాద్‌లో పడుతున్నాయి: క్యూజీఐఎస్ సాయం కావాలి

కాశీనగర్_పీజీ:
నమస్కారం అండి. డిసర్టేషన్ కోసం ఒడిశాలోని కాశీనగర్, పర్లాకిమిడి చుట్టుపక్కల 60 చెరువులకు క్యూజీఐఎస్ (మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్)లో మ్యాప్ వేస్తున్నాను. ఫోన్‌లో తీసిన యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి, చోటును మీటర్లలో చెప్పే పద్ధతి) పాయింట్లు ఎక్సెల్‌లో ఉన్నాయి. కాశీనగర్‌వి సరిగ్గానే పడ్డాయి. పర్లాకిమిడివి మాత్రం నిజామాబాద్ దగ్గర కనిపిస్తున్నాయి! పైగా తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. గూగుల్ మై మ్యాప్స్‌తో సరిపెట్టుకోమంటారా?

మహేంద్రతనయ:
పాయింట్లు బాగానే ఉన్నాయి, తేడా జోన్‌లో ఉందండి. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం సరిగ్గా ఆ రెండు ఊళ్ల మధ్య నుంచే పోతుంది. దానికి పడమర 44వ జోన్, తూర్పున 45. గీత దాటగానే ఫోన్ జోన్ మార్చింది, మీరేమో అన్నిటికీ 44 ఇచ్చారు. జోన్ వెడల్పు 6 డిగ్రీలు. అందుకే పర్లాకిమిడి అదే అక్షాంశం మీద 78 డిగ్రీల దగ్గరికి జరిగిపోయింది.

ఎక్సెల్‌లో ఈస్టింగ్ (తూర్పు దిశలో మీటర్ల లెక్క) చూడండి. కాశీనగర్‌వి 8,00,000 దగ్గర, పర్లాకిమిడివి 1,90,000 దగ్గర ఉంటాయి. ఆ లెక్కన షీటును రెండు చేసి, మొదటిది ఈపీఎస్‌జీ కోడ్ 32644 (44వ జోన్)తో, రెండోది 32645 (45వ జోన్)తో లోడ్ చేయండి. తర్వాత రెండోదాన్ని ‘ఎక్స్‌పోర్ట్’లోకి వెళ్లి 32644కి మార్చి సేవ్ చేసి, రెండూ కలపండి. ‘సెట్ లేయర్ సీఆర్ఎస్’ (లేయర్ కోఆర్డినేట్ పద్ధతి)తో మార్చారో, పేరే మారుతుంది, అంకెలు మారవు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఇకమీదట ఫోన్‌లో డెసిమల్ డిగ్రీలే పెట్టుకోండి, జోన్ గొడవే ఉండదు. 5 దశాంశ స్థానాలు చాలు, అది సుమారు 1 మీటరు. ఎక్స్‌లో రేఖాంశం, వైలో అక్షాంశం. తిరగేస్తే చెరువులు ఆర్కిటిక్ సముద్రంలో తేలతాయి.

గట్టుమీద:
పేర్ల సంగతి. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పోతుంది, ఆ ఫైల్లోంచి మళ్లీ రాదు. అసలు ఎక్సెల్ ఫైలు తెరిచి ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేయండి. మ్యాప్ సేవ్ చేసేటప్పుడు షేప్‌ఫైల్ అనే ఫైలు రకం జోలికి పోవద్దు. అందులో కాలమ్ పేరుకు 10 బైట్లే, ఒక్క తెలుగు అక్షరానికే కనీసం 3 బైట్లు. దాని బదులు జియోప్యాకేజ్ ఫైలు వాడండి. పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలను పాత్‌లుగా (గీతల బొమ్మలుగా) ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒత్తులు చెదరవు.

మై మ్యాప్స్ ఇంట్లోవాళ్లకు ఊళ్లు చూపించడానికి బాగుంటుంది. 10 లేయర్లు వస్తాయి. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) ఎంచుకోవాలంటే, స్కేలుకు ప్రింట్ తీయాలంటే క్యూజీఐఎస్ తప్పదు.

కాశీనగర్_పీజీ:
అన్నీ వాటి చోట్లకు వచ్చాయండి! మరి 44లోకి లాగినందుకు పర్లాకిమిడి చెరువుల విస్తీర్ణం తప్పుగా రాదా?

మహేంద్రతనయ:
కిలోమీటరుకు సుమారు 1 మీటరు సాగుతుంది. 10 ఎకరాల చెరువుకు 2 సెంట్ల లోపే తేడా. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘ఏరియా’ వాడి, ప్రాజెక్ట్ ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) డబ్ల్యూజీఎస్ 84 ఉంచితే అదీ ఉండదు. అసలు తేడా నీటి అంచు దగ్గర వస్తుంది. ఉపగ్రహ చిత్రం ఏ నెలదో చూసుకోండి, ఏప్రిల్ నీళ్లు వేరు, నవంబరు నీళ్లు వేరు. ముందు 1:2,000 స్కేలులో గట్టు గీయండి. నీటి అంచు వేరే లేయర్‌లో, పక్కన నెల రాసి పెట్టండి.