శత్రువు రాగానే డప్పు మోగాలి, వేణువు తెగకూడదు. ఎలా?

లూప్‌లోకం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఫోన్‌లో ఆడే టూడీ గేమ్‌లో అడవి లెవెల్ సంగీతం గురించి అడుగుతున్నాను. గేమ్ తయారుచేసే ఇంజిన్ యూనిటీ. మోహన రాగంలో వేణువు, కింద తంబూరా, మృదంగం, గజ్జెలు. ఆది తాళం (ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 8 అక్షరాలు), 100 బీపీఎం (నిమిషానికి 100 అక్షరాలు), 8 ఆవర్తనాల లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే ముక్క), అంతా ఒకే ఫైలు. శత్రువు ఎదురైతే 2 ఆవర్తనాల డప్పు లూప్ విడిగా మొదలవుతుంది. రెండూ ఎంపీ3లే.

ఇబ్బందులు మూడు. డప్పు మొదలవడమే తాళం మీద పడట్లేదు, పైగా ఒకటి రెండు నిమిషాలకు ఇంకా జారుతోంది. కత్తి దెబ్బలు డప్పులో మునిగిపోతున్నాయి. పది నిమిషాలు ఆడినవాళ్లు వేణువు విసుగ్గా ఉందంటున్నారు. అసలు పోరాటంలో వేణువు ఉంచాలా, తీసేయాలా?

దరువు

ముందు జారడం సంగతి. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచి దాచిన అంకెల) ముక్కలుగా కుదిస్తుంది. ఆ క్రమంలో ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొంత నిశ్శబ్దం చేరుతుంది. పాట ఒకసారి తిరిగేలోపు మీ డప్పు నాలుగుసార్లు తిరుగుతుంది, అంటే పాటకు ఒక ఖాళీ పడితే డప్పుకు నాలుగు. ఒక్కో ఖాళీ 25 మిల్లీసెకన్లు అనుకున్నా 38.4 సెకన్లకు 75 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. రెండు నిమిషాలయ్యేసరికి డప్పు ఎక్కడో, మృదంగం ఎక్కడో. యూనిటీ ఆ ఎంపీ3ని లోపల వేరే ఫార్మాట్‌లోకి మార్చుకున్నా, చేరిన నిశ్శబ్దం పోదు. కాబట్టి యూనిటీకి వేవ్ (కుదించని) ఫైళ్లే ఇవ్వండి, ఇంపోర్ట్ సెట్టింగ్స్‌లో వోర్బిస్ అనే కుదింపు పద్ధతి పెట్టండి.

మీ టెంపో లెక్కకు బాగా కుదిరింది. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48,000 శాంపిళ్లు) ఒక అక్షరం సరిగ్గా 28,800 శాంపిళ్లు, 8 ఆవర్తనాలు 18,43,200. ఫైలు అంతకు ఒక్క శాంపిల్ కూడా ఎక్కువ తక్కువ ఉండకూడదు. 140 బీపీఎం అయితే 48లో భిన్నం వస్తుంది, 44.1లో మాత్రం 18,900 అని పూర్ణసంఖ్యే. టెంపో ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవాలి.

ఇక డప్పును శత్రువు వచ్చాక మొదలుపెట్టే పద్ధతి మానేయండి. వేణువు, తంబూరా, మృదంగం, గజ్జెలు, డప్పు అన్నీ వేరువేరు ఫైళ్లుగా, ఒకే పొడవులో తీసి, డీఎస్‌పీ టైమ్ (యూనిటీ ఆడియో గడియారం) చూసి, ప్లేషెడ్యూల్డ్ అనే ఆదేశంతో అన్నిటికీ ఒకే క్షణం ఇవ్వండి. డప్పు వాల్యూమ్ సున్నాలో నడుస్తూ ఉంటుంది, అవసరమైనప్పుడు తెరుస్తారు. ఈ ఆడియో సోర్సులన్నిటికీ ప్రయారిటీ 0 (అన్నిటికన్నా ముఖ్యం) పెట్టండి. డిఫాల్ట్ 128 అలాగే వదిలేస్తే, శబ్దాలు ఎక్కువైనప్పుడు ఇంజిన్ మీ మృదంగాన్నే ఆపేయవచ్చు.

తెరిచే తీరు కూడా ముఖ్యం. తాళవాద్యాన్ని మెల్లగా ఫేడ్ చేసి తెస్తే మొదటి దెబ్బ పదును పోయి, ఎవరో తలుపు తీసినట్టు ఉంటుంది. అక్షరానికి ఒక 30 మిల్లీసెకన్ల ముందు, డప్పు నిశ్శబ్దంగా ఉన్న చోట, వాల్యూమ్ పూర్తిగా తెరిచేయండి. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు కాబట్టి ఆ మాత్రం వెసులుబాటు కావాలి. ఆవర్తనం మొదలుకోసం ఆగితే 4.8 సెకన్ల దాకా పట్టొచ్చు, ఆలోపు శత్రువు రెండు దెబ్బలు వేసేస్తాడు. అక్షరం దగ్గరే తెరవండి, గరిష్ఠంగా 0.6 సెకన్లు. ఆ కాస్త ఆలస్యాన్నీ కప్పడానికి శత్రువు కనిపించిన క్షణానే ఒంటి డప్పు దెబ్బ వేయొచ్చు.

మూసేటప్పుడు తొందర వద్దు. చివరి శత్రువు పడ్డాక ఒక ఆవర్తనం ఆగి, 3 సెకన్లలో తగ్గించండి. లేకపోతే ఇద్దరు శత్రువుల మధ్య డప్పు వస్తూ పోతూ చిరాకు పెడుతుంది.

ఫైళ్లు విడదీసేటప్పుడు మాస్టర్ (మొత్తం మిక్స్) మీద లిమిటర్ (పెద్ద శబ్దాలను నొక్కిపెట్టేది) తీసేయండి. ఉంచితే ఒక్కో ఫైలూ విడిగా నొక్కుకుపోతుంది, అన్నీ కలిపినప్పుడు మీరు మిక్స్ చేసిన శబ్దం రాదు. విడివిడిగా నార్మలైజ్ చేయడమూ (ఒక్కోటీ గరిష్ఠ స్థాయికి పెంచడమూ) అంతే. అన్నీ ఒకేసారి మోగినప్పుడు పీక్ మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఉండేలా చూసుకోండి.

శృతిపెట్టె

దరువు గారు చెప్పిన దానికి తోడు, కత్తి విషయం. కత్తుల ఖంగుమనే మోత, డప్పు మీద చిటికెన పుల్ల (సన్నని పుల్ల) కొట్టే చురుకు, రెండూ దాదాపు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యే పోటీ పడతాయి. డప్పు వాల్యూమ్ మొత్తం తగ్గిస్తే ఊపు పోతుంది. ఆ ప్రాంతంలో మాత్రం ఈక్యూతో (ఈక్వలైజర్‌తో) 3, 4 డెసిబెల్ తగ్గించండి. ఇంకా మంచిది, కత్తి శబ్దాల గ్రూప్ నుంచి డప్పు గ్రూప్‌కు డకింగ్ (ఒకటి మోగినప్పుడు మరొకటి దానంతటదే తగ్గడం) పెట్టడం: అటాక్ (తగ్గడానికి పట్టే సమయం) 10 మిల్లీసెకన్లు, రిలీజ్ (తిరిగి పెరగడానికి) 200, తగ్గేది 4 డెసిబెల్. చెవికి తెలియదు గానీ ప్రతి కత్తి దెబ్బా వినబడుతుంది. నా మాట అడిగితే దరువునే మార్చాలి. చిర్ర (లావు పుల్ల) దెబ్బలు నిండుగా ఉంచి, చిటికెన పుల్ల పలుకుల్లో సగం తీసేయండి. రాసేటప్పుడే ఖాళీ వదిలితే ఈక్యూ అవసరం చాలావరకు ఉండదు.

ఫోన్ స్పీకర్లో మృదంగం ఎడమవైపు మోత దాదాపు వినబడదు. 80 హెర్ట్జ్ దగ్గర ఎంత పెంచినా లాభం లేదు, స్పీకర్ దాన్ని పలకలేదు. కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే 160, 240, 320లలో హార్మోనిక్స్ (పై రెట్ల స్వరాలు) పుడతాయి. వాటిని విని చెవే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది.

మరో సంగతి. మృదంగం కుడివైపు షడ్జానికి శ్రుతి చేసి ఉంటుంది. వేరే లెవెల్లో పాటను రెండు మెట్లు పైకి జరిపి అదే మృదంగం ఫైలు వాడితే అపశ్రుతి కొడుతుంది. గజ్జెలకు, డప్పుకు ఆ బాధ తక్కువ.

పాతచిప్పు

వేణువు గురించి నేను చెబుతాను. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో దిగువకు దిగే నాలుగు స్వరాలే మళ్లీ మళ్లీ వస్తాయి. శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. అది పాటా, దరువా అంటే రెండూ. 1985 సూపర్ మారియో బ్రదర్స్‌లో ప్రధాన స్వరాలకు రెండు పల్స్ చానెళ్లు (సౌండ్ చిప్‌లోని గొంతులు), బేస్‌కు ఒక ట్రయాంగిల్, దరువుకు ఒక నాయిస్. ఆ నాయిస్ చానెల్ చేసేది ‘చిక్’ అనే చిన్న శబ్దమే. అయినా పాట ఎగిరెగిరి పడుతుందంటే, లయ స్వరాల్లోనే ఉండబట్టి. మీ వేణువుకూ అదే పరీక్ష పెట్టండి. మృదంగం, గజ్జెలు ఆపేసి వేణువు ఒక్కటే వింటూ తాళం వేయండి. చెయ్యి తడబడితే లోపం వేణువు రాతలోనే ఉంది, డప్పు దాన్ని కాపాడలేదు. ప్రతి వాక్యమూ సమం (ఆవర్తనం మొదటి అక్షరం) మీదే మొదలవుతుంటే, ఒకటి రెండింటిని అర అక్షరం ఆలస్యంగా ఎత్తుకోండి.

1990 సూపర్ మారియో వరల్డ్‌లో యోషీ అనే డైనోసార్‌ను ఎక్కగానే అదే పాటకు బొంగో లాంటి దరువు చేరుతుంది, దిగగానే పోతుంది. స్వరం ఒక్కటీ మారదు. ఏ చోటులో ఉన్నామో పాట చెబుతుంది, ఇప్పుడేం జరుగుతోందో దరువు చెబుతుంది. అందుకే పోరాటంలో వేణువు పూర్తిగా తీసేయొద్దంటాను. వాక్యాలు తీసేసి, మొదటి మూడు స్వరాలు మాత్రం రెండు ఆవర్తనాలకోసారి పలికించండి.

విసుగు పోవాలంటే వేణువుకు విశ్రాంతి కావాలి. 8 ఆవర్తనాలు మోగి, తర్వాత 8 తంబూరా, గజ్జెలు మాత్రమే. గజ్జెల లూప్‌ను 5 ఆవర్తనాలు చేస్తే, 8 ఆవర్తనాల మృదంగంతో అది మళ్లీ మొదట్లో కలిసేది 40 ఆవర్తనాలకు, అంటే 3 నిమిషాల 12 సెకన్లకు. కొత్తగా ఏమీ రాయకుండానే పాట పొడవు పెరిగినట్టు ఉంటుంది. (‘అన్నీ ఒకే పొడవు’ అన్న దరువు గారి మాటకు ఇదొక్కటే మినహాయింపు. ఆవర్తనాలు మాత్రం పూర్తిగా ఉండాలి.)

మోహనంలో అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం (ఒక మెట్టు కింది గ) వేస్తే శివరంజని రాగం అవుతుంది. తంబూరా షడ్జ పంచమాలే కాబట్టి రెండింటికీ సరిపోతుంది. ఆటగాడి ప్రాణం పావు వంతుకు దిగినప్పుడు వేణువు ఆ ఫైలుకు మారితే, స్క్రీన్ మీద ఎర్ర గీత చూడకుండానే తెలిసిపోతుంది.

లూప్‌లోకం

చాలా థాంక్స్ అండీ. ఫైళ్లు విడదీసి ఒకే క్షణం ఇచ్చాక జారడం ఆగింది. ఇంకో చిక్కు: డప్పు మళ్లీ రికార్డ్ చేస్తుంటే మొదటి టేకూ ఐదో టేకూ వేరే డప్పుల్లా ఉన్నాయి. అన్నీ ఒకే మైక్, ఒకే గది.

శృతిపెట్టె

తోలు చల్లారుతోంది. మంటకు కాచాక బిగుసుకుంటుంది, కొట్టేకొద్దీ వదులై శ్రుతి దిగుతుంది. గదిలో ఏసీ ఉంటే ఇంకా త్వరగా. టేకుకూ టేకుకూ మధ్య మళ్లీ కాచి, మొదటి టేకులోని ఒక్క చిర్ర దెబ్బను హెడ్‌ఫోన్లో విని పోల్చుకున్నాకే రికార్డ్ నొక్కండి. మైక్ మూడు నాలుగు అడుగుల దూరంలో, తోలుకు సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టండి. అన్ని దరువులూ ఒకే పూటలో అయిపోవాలి. ఒంటి దెబ్బలు కూడా అప్పుడే గట్టివి, మధ్యస్థం, మెత్తవి ఒక్కోటి ఐదేసి తీసుకోండి. శత్రువు కనిపించినప్పుడు వేసే దెబ్బకు అవే పనికొస్తాయి, ప్రతిసారీ ఒకే ఫైలు మోగితే ఆడేవాళ్లు పట్టేస్తారు.