ఒంటి అచ్చులు తీస్తుంటే మరకలే వస్తున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను బీఎఫ్ఏ పెయింటింగ్ చివరి సంవత్సరం. ఒంటికి రంగు పూసి కాగితానికి ఒత్తి తీసే అచ్చులతో ఫైనల్ డిస్‌ప్లేకి ఒక సిరీస్ చేద్దామనుకున్నా. నెల రోజులుగా నా చేతులు, భుజం ప్రయత్నించాను, ఒకసారి మా ఫ్రెండ్ వీపు కూడా. ఒక్కటీ కుదరలేదు. మోచేతి ముడతలు, అరచేతి గీతలు కనపడాలని నా ఆశ, వచ్చేదేమో గేదె బురదలో పొర్లి లేచినచోటులా ఉంటోంది. వాడింది ట్యూబ్ అక్రిలిక్, కాస్త నీళ్ళు కలిపి. ఫ్యాన్ వేస్తే రెండు నిమిషాల్లో ఎండిపోతోంది, ఆపేసి తడి మీద ఒత్తితే ముద్దయిపోతోంది. పైగా కడిగేటప్పుడు చేతిమీద వెంట్రుకలు రంగుతో పాటే ఊడొచ్చాయి, నిన్నటి నుంచి మోచేతి మడతలో ఎర్రగా దద్దుర్లు. ట్యూబ్ మీద నాన్ టాక్సిక్ అనే ఉంది కదా? ఇంక మూడు వారాలే టైముంది, బాగా టెన్షన్‌గా ఉంది.

జవాబు (స్కిన్ క్లినిక్‌లో పనిచేస్తాను):
అచ్చుల సంగతి తర్వాత, ముందు ఆ చేతికి కొన్నాళ్ళు ఏ రంగూ తగలనివ్వకు తల్లీ. దద్దుర్లు పెరిగినా, నీరు కారినా డాక్టరుకి చూపించు, ఇంట్లో ఉన్న ఏదో ఒక ట్యూబు పూసేయకు. నాన్ టాక్సిక్ అంటే బొమ్మ వేసుకోవడానికి ప్రమాదం లేదని, ఒంటికి పూసుకోవచ్చని కాదు. అక్రిలిక్ ఎండితే ప్లాస్టిక్ పొరే, అందుకే వెంట్రుకల్ని పట్టుకుని వచ్చింది. అందులో పాడవకుండా వేసే మందులు కొందరికి పడవు. ఆయిల్ పెయింట్లు, ప్రెస్సు ఇంకు, గోడ రంగులు అసలొద్దు, వాటిని వదిలించడానికి టర్పెంటైన్ రుద్దారంటే అది ఇంకో గొడవ. సింధూరం కూడా వద్దు, కొన్నిట్లో సీసం ఉంటుంది. చేతులకి పెట్టుకునే నల్ల మెహందీలో జుట్టు రంగులో వేసే రసాయనం కలుపుతారు, దానికి బొబ్బలెక్కి వచ్చినవాళ్ళని మా దగ్గర చాలామందిని చూశాను. ఒంటికి అంటూ అమ్మే ఫేస్ పెయింట్ అయినా సరే మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత పూసి ఒకరోజు ఆగి చూసుకోవాలి. కొత్తగా షేవింగ్, వ్యాక్సింగ్ చేసిన చోట, పుండ్ల మీద, కళ్ళ దగ్గర పూయకండి.

జవాబు (ప్రింట్‌మేకింగ్ చేస్తాను, ఇరవై ఏళ్ళ పైమాటే):
నీ తప్పు కాగితంలో లేదమ్మా, రంగు ఎక్కువ పూయడంలో ఉంది. ఇప్పుడంటే అన్నిటికీ మిషన్లు వచ్చాయి గానీ, రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకుతో వేలిముద్ర వేయించుకోవడం చూశావా ఎప్పుడైనా? మా నాన్న పొలం కాగితాలప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన బొటనవేలు బిగబట్టి గట్టిగా ఒత్తితే నల్లటి చుక్క పడింది. గుమాస్తా విసుక్కుని, ఆ వేలిని గుడ్డతో తుడిచి, ప్యాడ్ మీద ఊరికే తగిలించి, "మీరు వదిలెయ్యండి, నేను వేయిస్తా" అని వేలు తనే పట్టుకుని గోరు ఈ పక్క నుంచి ఆ పక్కకి దొర్లించాడు. గీత గీతా లెక్కపెట్టుకునేలా వచ్చింది. నీకు కావలసిన విద్యంతా అంతే. పలచగా పూయడం, ఒత్తకుండా దొర్లించడం, అచ్చు ఇచ్చేవాళ్ళు ఒళ్ళు వదిలేయడం.

ఇక రంగు. నీ దద్దుర్లకీ నీ ముద్దకీ ఒకే మందుంది, ఒంటికి రంగే పూయకు. నిజంగానే చెబుతున్నా. ఒంటికి నూనె మాత్రం రాసి కాగితానికి అద్దు, ఆ జిడ్డు మీద పొడి చల్లు, అంటుకున్నచోటే బొమ్మ. డేవిడ్ హామన్స్ అనే నల్లజాతి కళాకారుడు 1968 నుంచి లాస్ ఏంజెలెస్‌లో ఇలాగే చేశాడు, మార్గరిన్ ఒంటికి, బట్టలకి రాసుకుని కాగితానికి అదుముకుని పైన రంగు పొడి చల్లేవాడు. జుట్టు పోగులు, చొక్కా నేత కూడా తెలుస్తుంది వాటిలో. అంతకుముందు 1962లో జాస్పర్ జాన్స్ అనే అమెరికా చిత్రకారుడు ముఖానికి, చేతులకి నూనె రాసుకుని కాగితానికి ఒత్తి దానిమీద బొగ్గు రుద్దాడు.

మన ఎండల్లో కొబ్బరినూనె నీళ్ళలా పారుతుంది, అచ్చు చుట్టూ మరక పాకుతుంది. వాజిలీన్ నయం. మోచేతి నుంచి వేళ్ళ దాకా మొత్తానికి శనగగింజంత చాలు, నమ్మబుద్ధి కాదు గానీ చాలు. అరచేతుల్లో రుద్దుకుని రాసి, తర్వాత పాత న్యూస్‌పేపర్‌తో ఒకసారి తుడిచేయ్. వెలుతురుకి పెడితే చర్మం మెరవాలి, ముట్టుకుంటే జారకూడదు. ఆ స్థితిలో అద్దితే కాగితం మీద ఏమీ కనపడదు, రాలేదేమో అని కంగారుపడి రెండోసారి ఒత్తావంటే పాడైపోయినట్టే. కాగితాన్ని కంటి ఎత్తులో పక్కకి వాలిస్తే జిడ్డు మెరుపు తెలుస్తుంది. అప్పుడు టీ వడపోతలోంచి గ్రాఫైట్ పొడో, మెత్తగా నూరిన బొగ్గో, జేగురు పొడో చల్లి, కాగితం వంచి వెనక నుంచి వేలితో తట్టు. మిగతా పొడి జారిపోతుంది, గీతలు పైకి తేలతాయి. మొదటిసారి చూసినప్పుడు అరిచినంత పని చేశాను నేను. పొడి చల్లేటప్పుడు ముక్కుకి మాస్క్ తప్పనిసరి, ఫ్యాన్ ఆపేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

కాగితం నున్నటిది తీసుకో, 200 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు 200 గ్రాములు తూగే) కార్ట్రిడ్జ్ అనే డ్రాయింగ్ కాగితం చాలు. గరుకు హ్యాండ్‌మేడ్ పేపర్ చూడ్డానికి బాగుంటుంది, కానీ దాని గరుకుతనంలో చర్మం గీతలు మునిగిపోతాయి.

అడిగినామె:
చాలా థాంక్స్ సర్, ఇది నాకు తట్టనేలేదు. వీపు ఎలా తీయాలి? మా ఫ్రెండ్ నేల మీద పరిచిన కాగితంపై పడుకుంటే రెండు భుజాలు, కింద నడుము దగ్గర మాత్రమే పడ్డాయి, మధ్యలో అంతా ఖాళీ. అలాగే నీలం రంగుతో కూడా కొన్ని కావాలి, అది పొడితో కాకుండా తడిగానే వస్తే బాగుండునని ఉంది.

జవాబు (అదే ప్రింట్‌మేకర్):
వెన్నెముక దగ్గర వీపు లోపలికి గుంట కదా, చదును నేలకి అది తగలదు. మనిషిని కాగితం మీదికి కాదు, కాగితాన్ని మనిషి మీదికి తేవాలి. ఆ అమ్మాయిని బోర్లా పడుకోమని, పలచటి కాగితం ఇద్దరు చెరోవైపు పట్టుకుని నడుము నుంచి మెడ వైపు దించుకుంటూ రండి. దించాక అరచేతితో తడమడమే, రుద్దకూడదు. కదిలితే చర్మం జరిగి రెండు గీతలు పడతాయి. చేతులు, కాళ్ళకైతే కాగితం కింద దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టండి, గుంటల్లోకి కాగితమే వస్తుంది. నేల మీద పాత ఫ్లెక్సీ వెనక్కి తిప్పి పరుచుకోవచ్చు, కానీ జిడ్డు కాలితో దానిమీద నడిస్తే జారి పడతారు, కింద తువ్వాలు వేసుకోండి.

నీలానికి నీటితో కడిగితే పోయే ఫేస్ పెయింట్ తీసుకుని రెండు చుక్కల గ్లిజరిన్ కలుపు, త్వరగా ఎండదు. కుంచె వద్దు, చారలు పడతాయి, స్పాంజితో అద్దు. మొదటి అచ్చు చిత్తుకాగితానికి ఇచ్చేసి, మళ్ళీ రంగు పూయకుండా అదే చేతితో తీసే రెండోది, మూడోది చూడు. నీకు నచ్చేది వాటిలోనే ఉంటుంది.

జవాబు (ఇంకొకరు):
నీలం అనగానే ఫ్రెంచి కళాకారుడు యీవ్ క్లైన్ గుర్తొస్తాడు కదా. 1960 మార్చి 9న పారిస్‌లో, ఎదురుగా అతిథులు, పక్కన ఒకే స్వరాన్ని సాగదీసి వాయించే వాద్యబృందం, మోడల్స్ ఒళ్ళంతా నీలం పూసుకుని కాగితాలకి ఒత్తుకోవడం. గొప్ప పనే, కాదనను. కానీ నాకెందుకో ఆయన సూటు వేసుకుని చేతికి రంగంటకుండా నిలబడి ఆడవాళ్ళకి ఆదేశాలిస్తూ ఉండటం మింగుడుపడదు. హామన్స్ తన ఒంటినే వాడుకున్నాడు, తేడా అక్కడే ఉంది. మీ ఫ్రెండ్ వీపు గోడకెక్కుతుందంటే ముందే కాగితం మీద రాసుకోండి, ఎక్కడ పెడతారు, ఫోటోలు తీస్తారా, పేరు వేస్తారా, వద్దనుకుంటే ఎప్పటిదాకా చెప్పొచ్చు అని. స్నేహం కదా అని వదిలేస్తే తర్వాత స్నేహమూ పోతుంది.

జవాబు (ఊళ్ళో ఉంటాను, ఆర్టిస్టుని కాదు):
మీరంతా పారిస్ అంటున్నారు, మా పెరటి గోడకి మా అత్తమ్మ కొట్టిన పిడకల మీద ఐదు వేళ్ళూ ఉన్నాయి. పేడ తడి ఎక్కువైతే వేళ్ళు పడవని ఆవిడే అంటుంది, ముందు పొట్టు కలుపుతుంది. చదువుతుంటే నవ్వొచ్చి చెప్పా, అంతే.

జవాబు (ప్రింట్‌మేకర్):
నవ్వులాట కాదండీ, అదే పాఠం.
ఒకటి మర్చిపోయాను. పొడి అచ్చులకి ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) ఆరుబయట అడుగున్నర దూరం నుంచి పలచగా రెండు మూడుసార్లు కొట్టమ్మా, ఒకేసారి తడిపితే బొగ్గు కదిలిపోతుంది. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం అచ్చుకి తగలకుండా చుట్టూ మౌంట్ బోర్డు, అంటే మందపాటి అట్ట, పెట్టించు. పసుపు, కుంకుమలతో చేయాలని సరదా పుడితే డిస్‌ప్లే దాకా ఆగవు, వెలుతురుకి పసుపు వెలిసిపోతుంది. జేగురు నిలుస్తుంది.

అడిగినామె (ఆరు రోజుల తర్వాత):
దద్దుర్లు తగ్గాయి. వాజిలీన్ రాసి తుడిచి రెండో చేత్తో చేశాను, మొదటి నాలుగూ పోయాయి, ఐదోదానికి మణికట్టు దగ్గర గాజులు నొక్కిన గీత కూడా వచ్చింది! గాజులు తీసి పది నిమిషాలైనా ఆ నొక్కు చర్మం మీద ఉండిపోయిందన్నమాట, నేను గమనించనే లేదు. ఫేస్ పెయింట్ నీలం మాత్రం సబ్బుకి పూర్తిగా పోలేదు, అమ్మ కొబ్బరినూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెడితే వదిలింది. వీపు ఆదివారం తీస్తాం. ఫ్రెండ్ కాగితం మీద రాసి సంతకం పెట్టింది, ఒక అచ్చు తనకివ్వాలని కూడా రాయించుకుంది.